మంచు వెనక్కి జరిగిన దారిలో

ఒక వింత దారి గురించి చెబుతాను, వినండి. ఆ దారి మొదట్లో రెండు వందల ఏళ్ళనాటి దట్టమైన అడవి ఉంటుంది. పోనుపోను చెట్లు పొట్టివవుతాయి. ఇంకా ముందుకు పోతే పొదలు, ఆ తరువాత నాచు, చివరికి గడ్డిపరక కూడా మొలవని నున్నటి బండ. ఆ బండ పక్కన, నీటిలోనుంచి నిలువుగా లేచిన మంచుగోడ! ఈ దారి పొడవు సుమారు 105 కిలోమీటర్లు. దీనిమీద బండి నడవదు, మనిషి నడవడు. ఇది సముద్రపు నీటిదారి. పసిఫిక్ మహాసముద్రపు ఉత్తర తీరాన, అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఉంది. పేరు గ్లేసియర్ బే. అంటే హిమానీనదాల అఖాతమన్నమాట.

రండి, ఓడ ఎక్కుదాం.

మన ప్రయాణం అలాస్కా రాజధాని జూనో నుండి మొదలవుతుంది. రాజధానే అయినా జూనోకు బయటి ఊళ్ళనుండి రోడ్డు లేదు. విమానంలోనైనా రావాలి, ఓడలోనైనా రావాలి. రేవులో ఎన్నో అంతస్తుల మేడల్లాంటి ఓడలు కనిపిస్తాయి. వాటిలో ఒక్కొక్కదానిలో మూడు వేలమంది కూడా పడతారు. మనం ఎక్కేది వాటి పక్కన బొమ్మలా కనిపించే చిన్న ఓడ. అందులో అరవై డెబ్భై మందికే చోటు. కాని ఇరుకు జలసంధుల్లోకి పోగలిగేది ఇదే. ఆగిన చోట రబ్బరు పడవలు, కయాక్‌లు అనే సన్నని తెడ్ల పడవలు దింపేదీ ఇదే. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. ఎందుకో కొంచెం సేపట్లో మీకే తెలుస్తుంది.

ఎక్కగానే నావికులు చెప్పే మొదటి పాఠం లైఫ్ జాకెట్ తొడుక్కోవడం. ఎంత బాగా ఈత వచ్చినవాళ్ళయినా సరే తప్పదు. ఈ నీరు ఎంత చల్లన అంటే, పడ్డ కొద్ది నిమిషాల్లోనే చేతులు కొంకర్లుపోయి తాడు కూడా పట్టుకోలేవు. ఇక్కడ ముంచేది లోతు కాదు, చలి. మనం వచ్చింది జూన్ నెల కాబట్టి పగలు సుమారు 18 గంటలు. రాత్రి తొమ్మిది దాటినా వెలుగు తగ్గక, పడుకోవడం మరిచిపోయి ఓడ కమ్మీల దగ్గరే నిలబడి ఉంటారు!

మర్నాడు ఉదయానికి అఖాతం ముఖద్వారం దగ్గర బార్ట్‌లెట్ కోవ్ అనే చోట ఓడ ఆగుతుంది. ఒడ్డున స్ప్రూస్, హెమ్లాక్ చెట్ల అడవి. నేలంతా మెత్తని నాచు పరుపు. 1794 లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ జార్జి వాంకూవర్ పంపిన మనుషులు ఈ తీరాన్ని కొలుచుకుంటూ వచ్చారు. అప్పుడిక్కడ అఖాతమే లేదు. తీరంలో చిన్న నొక్కు, దాని వెనుక అంతా మంచు. కొన్నిచోట్ల ఆ మంచు మందం 1200 మీటర్లకు పైగా ఉండేది. మీరు ఇప్పుడు ఎక్కి వచ్చిన ఓడకు ఆనాడు ఇక్కడ దారి లేదు.

ఇంకా వెనక్కి పోదాం. ఆ మంచు రాకముందు ఇది పచ్చని లోయ. ఇందులో ట్లింగిట్ జాతివారు ఊళ్ళు కట్టుకొని, సాల్మన్ చేపలు పట్టుకొని బతికేవారు. భూమి కొంత చల్లబడిన ఆ శతాబ్దాల్లో హిమానీనదం కిందికి పాకి వచ్చింది. కుక్క పరుగెత్తినంత వేగంగా వచ్చిపడిందని వారు తరతరాలుగా చెప్పుకుంటారు. 1750 ప్రాంతానికి మంచు లోయనంతా మింగేసింది. వాళ్ళు పడవలెక్కి జలసంధి దాటి, ఇప్పుడు హూనా అని పిలిచే చోట స్థిరపడ్డారు. మంచు వెనక్కి పోయాక తిరిగి వచ్చి వేటాడేవారు, పక్షిగుడ్లు ఏరుకొనేవారు. అయితే 1925 లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. ఆ తరువాత వచ్చిన నిబంధనలతో తమ తాతల నేలమీదే వారికి అడ్డంకులు ఏర్పడ్డాయి. మంచు ఒకసారి వెళ్ళగొడితే, కాగితం రెండవసారి వెళ్ళగొట్టింది. 2016 ఆగస్టులో బార్ట్‌లెట్ కోవ్‌లో వారి పూర్వీకుల పేర పెద్ద కొయ్య ఇల్లు లేచింది. చెక్కిన స్తంభాలతో, రంగులు వేసిన ముందుగోడతో అది ఒడ్డున నిలబడి ఉంది. అటువైపు వెళితే చూడకుండా రాకండి.

దాని సమీపంలోనే మరొకటి చూడాలి. అది సుమారు 14 మీటర్ల పొడవున్న తిమింగలపు అస్థిపంజరం. దీని పేరు స్నో. హంప్‌బ్యాక్ జాతి ఆడ తిమింగలం. ఈ జాతి తిమింగలం తోకను అడుగువైపు నుంచి చూస్తే నలుపు తెలుపుల మచ్చలు కనిపిస్తాయి. మన వేలిముద్రల్లాగే ఆ మచ్చలు ఏ రెండు తిమింగలాలకూ ఒక్కలా ఉండవు. జూనోలో హైస్కూలు ఉపాధ్యాయుడైన చార్లెస్ జురాజ్ తోకల ఫొటోలు తీసి, వాటినిబట్టి తిమింగలాలను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. స్నో 1975 లో ఆయన చూసినదే. తోకమీద మంచు చల్లినట్లు తెల్లని చుక్కలుండటంతో ఆ పేరు పెట్టాడు. ఏటా చలికాలంలో హవాయి దీవులకు పోవడం, వేసవిలో మేతకోసం ఇక్కడికి రావడం దాని అలవాటు. 2001 జూలైలో పర్యాటకుల పెద్ద ఓడ ఒకటి ఢీకొని అది చనిపోయింది. అప్పుడు దాని కడుపులో పిల్ల కూడా ఉంది. పెద్ద ఓడల సంఖ్యకు, వేగానికి ఇక్కడ ఎందుకు కట్టడి ఉండాలో ఆ ఎముకల ముందు నిలబడితే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఓడ మళ్ళీ కదిలింది. ఇప్పుడు కెప్టెన్ వేగం బాగా తగ్గించాడు. ఇది తిమింగలాలు మేసే చోటు. ఇక్కడి ఆటుపోట్లు చిన్నవి కావు. పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం 7 మీటర్ల వరకు మారుతుంది. అంత నీరు ఇరుకు ద్వారంలో లోపలికీ బయటికీ పరుగెత్తడం వల్ల అడుగున ఉన్న పోషక లవణాలు పైకి వస్తాయి. వాటితో కంటికి కనిపించని మొక్కలు, వాటిని తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు, చేపలను తిని తిమింగలాలు! అదుగో, ఎడమవైపు ఆవిరి చిమ్మినట్లు ఊపిరి. ఓడ ఆగిపోతుంది. సుమారు 460 మీటర్లకంటే దగ్గరకు పోవడం నిషిద్ధం. అయినా ఆ ఊపిరి చప్పుడు మన చెవిదాకా వస్తుంది. 2014 నుంచి 2016 వరకు ఈ సముద్రం మామూలుకంటే బాగా వేడెక్కింది. చిన్న చేపలు తగ్గిపోయాయి. ఆ తరువాత రెండేళ్ళకు లెక్క చూస్తే ఇక్కడికి వచ్చే హంప్‌బ్యాక్‌లు సగానికి పైగా తగ్గాయి.

ఇక ఒడ్డును గమనిస్తూ ఉండండి. స్ప్రూస్ చెట్లు పలచబడుతున్నాయి. వాటి స్థానంలో ఆల్డర్ పొదలు వస్తున్నాయి. మంచు వదిలిపెట్టిన నేలలో రాతిపొడి తప్ప నత్రజని ఉండదు. మరి మొక్క ఎలా బతుకుతుంది? మన పొలాల్లో వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేళ్ళకు చిన్న బొడిపెలు కనిపిస్తాయి గదా! వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. ఆల్డర్ వేళ్ళకూ అలాంటి బొడిపెలే ఉంటాయి, సూక్ష్మజీవి జాతి మాత్రం వేరు. ఏటా రాలే ఆల్డర్ ఆకులతో రాతిపొడి మెల్లగా మట్టి అవుతుంది. ఆ మట్టిలో స్ప్రూస్ లేస్తుంది. లేచి, తనకు అన్నం పెట్టిన ఆల్డర్‌నే నీడతో చంపేస్తుంది.

ఇది చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో చెప్పిన వరస: నాచు, ఆల్డర్, స్ప్రూస్. దీన్ని కళ్ళారా చూడాలనుకున్న విలియం కూపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1916 లో ఇక్కడికి వచ్చి, మీటరు పొడవు మీటరు వెడల్పు గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఏ మొక్క ఎక్కడ ఉందో పటం గీశాడు. ఆయన తరువాత ఇతరులు కొనసాగించారు. సరిగ్గా 100 ఏళ్ళకు, పాత నోటు పుస్తకాలు పట్టుకొని శాస్త్రజ్ఞులు వెతికితే ఆ గడులు చాలావరకు దొరికాయి. కాని వాటిలో పాఠ్యపుస్తకపు వరస కనిపించలేదు! మొదట విల్లో పొదలు చోటు పట్టుకున్న గడిలో ఇంకా అవే రాజ్యమేలుతున్నాయి. ముందు వచ్చినవాడు తరువాతివాడికి చోటివ్వలేదన్నమాట. ఒక్క మీటరు నేలను నూరేళ్ళు చూసినందుకు దక్కిన ఫలితమిది. నా దృష్టిలో ఇంత ఓపికగల ప్రయోగాలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

మధ్యాహ్నానికి నీటి రంగు మారిపోయింది. ముదురు నీలం పోయి, పాలు కలిపినట్లుంది. హిమానీనదం కదిలేటప్పుడు అడుగున ఉన్న బండలను తిరగలిలా నూరుతుంది. ఆ పిండే ఇది. ఇప్పుడు ఒడ్డున బండల మీద గీతలు కూడా చూడవచ్చు. అన్నీ ఒకే దిక్కున, దువ్వెనతో దువ్వినట్లు.

చివరికి మార్జరీ హిమానీనదం. పొడవు సుమారు 34 కిలోమీటర్లు, ముఖం వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు. నీటిపైన మూడు నాలుగు తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు. ఇంజను ఆపేశారు. ఎవరూ మాట్లాడటం లేదు. మంచు తెల్లగా ఉండాలి గదా, ఈ నీలం ఎక్కడిది? ఏటేటా కురిసిన మంచు బరువుకు కిందిపొరల్లో గాలి చాలావరకు పోయి, గట్టి మంచుగడ్డ అవుతుంది. వెలుగు దానిలోకి లోతుగా పోగలదు. పోయిన వెలుగులో ఎరుపును మంచు పీల్చుకుంటుంది, నీలం మాత్రం తిరిగి మన కంటికి వస్తుంది. ఇంతలో తుపాకీ పేలినట్లు చప్పుడు! గోడలో ఒక ముక్క జారి నీటిలో పడింది. మీరు చూసేసరికే అది పడిపోయింది, శబ్దం ఆలస్యంగా వచ్చింది. దీన్ని అక్కడివారు 'తెల్ల ఉరుము' అంటారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. 1794 లో ముఖద్వారం దగ్గరున్న మంచు, 1879 లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు ట్లింగిట్ తెడ్లవాళ్ళతో పడవలో వచ్చేసరికి 77 కిలోమీటర్లు వెనక్కి పోయి ఉంది. అప్పటికి ప్రపంచంలో ఫ్యాక్టరీలు ఇన్ని లేవు, మోటారు కార్లు అసలే లేవు. మరి అంత వేగంగా ఎలా పోయింది? సముద్రంలో నిలబడే హిమానీనదం తన ముందు రాళ్ళూ మట్టీ తోసి గట్టు కట్టుకుంటుంది. ఆ గట్టుమీద ఆనుకొని ఉన్నంతకాలం దానికి బలం. వాతావరణం కొంచెం వేడెక్కి, మంచు పలచబడి, గట్టునుంచి వెనక్కి జారిందో, వెనుక అంతా లోతు నీరు. ఆ లోతులో ఆధారం లేక ముఖం ముక్కలు ముక్కలుగా విరిగిపడుతూ, తిరిగి నిస్సారపు నీరు దొరికేదాకా ఆగదు.

అలాగని నేటి కరగడాన్ని కూడా ఆ లెక్కలోనే వేయకూడదు. ఇప్పుడు అలాస్కాలో సముద్రాన్ని తాకని కొండ హిమానీనదాలు కూడా చాలావరకు పలచబడుతున్నాయి. వాటికి గట్టూ లేదు, లోతూ లేదు. బొగ్గు, పెట్రోలు మండించి మనం గాలిలో చేర్చిన బొగ్గుపులుసు వాయువు వల్ల పెరిగిన వేడే దీనికి ముఖ్య కారణం. పక్క శాఖలోని మ్యూర్ హిమానీనదాన్ని 1941 లో ఒకరు, అదే చోట నిలబడి 2004 లో మరొకరు ఫొటో తీశారు. మొదటి దానిలో చట్రం నిండా మంచు. రెండవ దానిలో నీలపు నీరు, పచ్చని కొండ, మంచు ఎక్కడో దూరాన. ఎన్నో ఏళ్ళు ఉన్నచోటనే నిలిచిన మన మార్జరీ కూడా ఇటీవల వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

సాయంత్రం మంచుగోడకు చాలా దూరంగా, ప్రశాంతమైన నీటిలో కయాక్‌లు దింపారు. తెడ్డు ఆపి వినండి. చుట్టూ తేలే మంచుముక్కలనుంచి సోడా బుడగల్లాంటి చిటపటలు. ఇంట్లో నీళ్ళ గ్లాసులో ఐసు ముక్క వేస్తే 'టప్' మంటుంది గదా, అది ఐసు ఒక్కసారిగా వేడెక్కి పగిలే చప్పుడు. ఇది వేరు. మంచులో బిగించిపెట్టినట్లున్న గాలిబుడగలు, మంచు కరగగానే బయటికి చిమ్ముతున్నాయి. ఓడలో ఉన్నవాళ్ళెవరూ పుట్టకముందు కురిసిన మంచులోని గాలి అది! నీటి అడుగున మైకు పెట్టి వింటే ఈ చిటపటలు పెద్ద హోరు. ఈ హోరులో సీళ్ళు వేటాడే తిమింగలాల చెవినుంచి దాక్కుంటాయేమోనని కొందరు శాస్త్రజ్ఞుల అనుమానం. పక్కనున్న జాన్స్ హాప్కిన్స్ శాఖలో మంచు పలకలపై సీళ్ళు పిల్లలు పెడతాయి. అందుకే మే, జూన్ నెలల్లో ఆ శాఖలోకి మన ఓడను కూడా రానివ్వరు.

తిరుగు ప్రయాణంలో వరస తలకిందులవుతుంది. బండ, నాచు, ఆల్డర్, స్ప్రూస్. ఈసారి కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చోండి. మొదటి పచ్చదనం ఎక్కడ కనిపించింది, మొదటి స్ప్రూస్ మొక్క ఎక్కడ కనిపించిందో గడియారం చూసి రాసుకోండి. మళ్ళీ బార్ట్‌లెట్ కోవ్ చేరాక ఒడ్డునున్న పచ్చికను చూడండి. ఆ పచ్చికలో కొంత, ఒకప్పుడు పోటునీరు ముంచిన నేల. అంత మంచు బరువు దిగిపోవడంతో, వత్తిడి తీసిన స్పాంజిలా ఇక్కడి భూమి ఏడాదికి 2 నుంచి 3 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తున్నది. మీరు ఒకటవ తరగతి నుంచి పదవ తరగతికి వచ్చేలోగా, మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు పొడవుకంటే ఎక్కువే.