నక్షత్రాలు లెక్కపెట్టే ముందు

చేగుంట

చిరంజీవి బిడ్డకు,

 

నువ్వు పంపిన రేటింగులన్నీ కూర్చొని చదివాను. ఒకే కారుకు ఒకచోట ఐదు నక్షత్రాలు, ఇంకోచోట మూడున్నర, మరోచోట కొన్నవాళ్ళు తిట్టిపోసిన తిట్లు. మీ నాయనేమో మారుతి తప్ప వేరే బండి వాకిట్లో నిలబడొద్దంటున్నాడు. అల్లుడేమో ఐదు నక్షత్రాలు లేని బండి ఎక్కనంటున్నాడు. పండుగ పూట ఇద్దరూ మాటామాటా అనుకునేదాకా వచ్చిందట. "ఎవరి మాట నమ్మాలి మామా?" అని అడిగావు. ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదిది. మీరిద్దరూ ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు, పైన బ్యాంకు అప్పు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి పట్టుకో. ఆ మూడు రేటింగులూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు. నీ ప్రశ్న ఏదో తెలియకుండా జవాబులు పోల్చుకుంటూ కూర్చుంటే తల తిరుగుతుంది.

అల్లుడు చెప్పే నక్షత్రాలు గుద్దుకున్నప్పుడు మనిషి బతుకుతాడా లేదా అన్నదానికి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని రకాలవి. ఐదింటికీ సున్నా వచ్చింది. ఆ రోజుల్లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే కారు ఆల్టోనే. నా మెకానిక్ షెడ్డుకు అది వచ్చిందంటే ఆయిలు మార్చడానికో, బ్రేకు ప్యాడ్లకో వచ్చేది. చెడిపోని బండి, గుద్దుకుంటే కాపాడలేని బండి, రెండూ ఒకటే బండి! పోలో సంగతి ఇంకా గట్టి పాఠం. సున్నా వచ్చాక కంపెనీ ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని అమ్మడం ఆపేసింది, రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ముందు బ్యాడ్జి అదే, వెనక పేరూ అదే.

తర్వాత 2018లో నెక్సాన్ కారు ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. 2023 అక్టోబరు 1 నుంచి మన ప్రభుత్వానిదే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష వచ్చింది. ఈ నక్షత్రాలను నేను నమ్ముతాను. అభిప్రాయం అడిగి ఇచ్చినవి కావు, కొలిచి ఇచ్చినవి. ఇంకొకరు మళ్ళీ గుద్దించి సరిచూడొచ్చు. అయితే ఏ ఏడాది పరీక్షించారు, ఏ రకాన్ని పరీక్షించారు, పిల్లలకు విడిగా ఎన్ని వచ్చాయి అన్నవి చూడు, మీకు చంటిది ఉంది. ఇంకొకటి, ఆ పరీక్షలో కూర్చోబెట్టిన బొమ్మలన్నీ బెల్టు పెట్టుకున్నవే. వెనక సీట్లో మీ అమ్మ బెల్టు పెట్టుకోకపోతే ఆ నక్షత్రాల్లో ఒక్కటి కూడా ఆమెది కాదు. తూప్రాన్ దాటాక మన 44వ నంబరు హైవే మీద బండ్లు ఎంత స్పీడు పోతాయో చూస్తూనే ఉంటావు. ఆ స్పీడుకు ఎవరూ ఏ బండికీ నక్షత్రాలు ఇవ్వలేదు.

అంతేగాని ఆ ఐదు నక్షత్రాలు చూసి గేరుబాక్సు లక్ష కిలోమీటర్లు వస్తుందనుకోవద్దు. అల్లుడు భద్రతనూ మన్నికనూ కలిపేస్తున్నాడు. చాలామంది చదువుకున్నవాళ్ళు కలిపేస్తున్నారు.

ఇక మన్నిక. నువ్వు పంపిన రెండో రేటింగు జె.డి. పవర్ లెక్క. వాళ్ళు కొన్నవాళ్ళను అడిగి వంద బండ్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడతారు. అమెరికాలో చేసే ఒక సర్వే కొన్న మొదటి మూడు నెలల గురించి, ఇంకో సర్వే మూడేళ్ళు వాడిన బండ్ల గురించి. మోసమేమీ లేదు. కాని అందులో బ్లూటూత్ కలవకపోవడమూ ఒక సమస్యే, గేరుబాక్సు పోవడమూ ఒక సమస్యే. ఒకదానికి ఫోను ఆపి మళ్ళీ పెడితే చాలు, ఇంకోదానికి లక్ష రూపాయలు పోతాయి. గెలిచిన కంపెనీ ఆ అవార్డును ప్రకటనల్లో వేసుకోవాలంటే వాళ్ళకు రుసుము కట్టాలి. ఇవన్నీ తెలిసి చదివితే పనికొస్తుంది. హోర్డింగు మీద చూసి నమ్మితే పనికిరాదు.

అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు కన్స్యూమర్ రిపోర్ట్స్ చూసే కొంటాడని చెప్పావు కదా, వాడు చేసేది సరైన పనే. 1936 నుంచి ఉన్న సంస్థ అది. ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే కార్లను తన డబ్బుతో కొంటుంది, సభ్యులను ఏటా అడుగుతుంది. నమ్మకం అంటే అట్లా సంపాదించుకోవాలి. అయితే అక్కడి ఇంజన్లు వేరు, రోడ్లు వేరు, పెట్రోలు వేరు. ఆ జాబితా తెచ్చి చేగుంటలో పరిస్తే కుదరదు. ఫ్రీమాంట్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇప్పుడు టెస్లా నడుపుతున్న ఆ ఊరి ఫ్యాక్టరీలో 1984 నుంచి 2010 దాకా జనరల్ మోటార్స్, టొయోటా కలిసి కార్లు చేశాయి. అక్కడే టొయోటా కొరొల్లా, దాని కవలపిల్ల ప్రిజం తయారయ్యేవి. పేరు తప్ప పెద్ద తేడా లేదు, అయినా పాత బండ్ల బజారులో కొరొల్లాకే ఎక్కువ ధర పలికేది. మన దగ్గర 2019 నుంచి అదే జరుగుతున్నది. మారుతి బలెనో, టొయోటా గ్లాంజా, రెండూ గుజరాత్‌లో సుజుకి ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. మీ నాయన బలెనో మంచిదంటాడు, ఆయన స్నేహితుడు టొయోటా అంటే టొయోటాయే అని గ్లాంజా కొన్నాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి పక్కపక్కన పెట్టి చూస్తే వాదన అక్కడికక్కడే ఆగిపోతుంది. తేడా ఉన్నదల్లా వారంటీలో, సర్వీసు చేసే చేతుల్లో, రీసేల్‌లో. అవి చిన్న సంగతులు కావు, కాని అవి ఇంజను సంగతులు కావు.

ఓట్లతో వచ్చే అవార్డులను మాత్రం పక్కన పెట్టు. జర్మనీలో ఏడాక్ అని యూరప్‌లోకెల్లా పెద్ద మోటారు సంఘం ఉంది. ప్రజలకు ఇష్టమైన కారు అని ఏటా అవార్డు ఇచ్చేది. గెలిచిన కారుకు పడ్డ ఓట్లను ఇంచుమించు పది రెట్లు పెంచి ప్రకటించారని 2014లో బయటపడింది. సంఘం అధ్యక్షుడు దిగిపోవలసి వచ్చింది, కంపెనీలు అవార్డులు తిరిగి ఇచ్చేస్తామన్నాయి. అంత పేరున్నవాళ్ళే అట్లా చేస్తే, ఫోనులో వేలితో నొక్కే నక్షత్రాలను ఏమనాలి?

షోరూములో ఏం జరుగుతుందో నువ్వే చూస్తావు. బండి తాళాలు ఇచ్చేటప్పుడు ఆ పిల్లగాడు "మేడమ్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది చెప్పండి" అని బతిమాలుతాడు. తొమ్మిది ఇచ్చినా వాడి ఇన్సెంటివ్‌కు దెబ్బ. వాడిని ఏమనలేం, వాడి పొట్టకూటి గోడు అది. కాని అట్లా పోగైన పదులన్నీ కలిపి "వినియోగదారుల సంతృప్తి" అని ప్రకటన వేస్తే అది నీకు ఏమీ చెప్పదు. ఇంటర్నెట్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, రాసినవాడు నిజంగా మనిషేనా, నిజంగా కొన్నాడా చూడాలని. అయితే వచ్చినప్పుడు దాన్ని పాటించాలని బలవంతమేమీ పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపినవాటిలో ఒక డీజిల్ బండికి కొందరు ఒక నక్షత్రం ఇచ్చి "దరిద్రపు బండి" అన్నారు, కొందరు ఐదిచ్చి "తిరుగులేదు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారని నేను నమ్ముతాను. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చింది కదా, అప్పటి సంది డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ పెడుతున్నారు. మసి అందులో పేరుకుంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే లోపల అయిదారు వందల డిగ్రీల వేడి పుట్టాలి. అందుకు బండి హైవే మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఒకే ఊపున నడవాలి. చేగుంట నుంచి కామారెడ్డి, నిజామాబాద్ దాకా రోజూ పోయి వచ్చేవాడికి అది తనంతట తానే కాలిపోతుంది, వాడికి ఆ జల్లెడ ఉన్నట్టే తెలియదు. అదే బండిలో ఒకాయన పొద్దున పిల్లను బడిలో దింపి, సాయంత్రం బజారుకు పోయి వస్తాడు. రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కేలోపు ఆపేస్తాడు. మసి కాలడం మొదలై మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ ఇంజను ఆయిల్లోకి దిగి ఆయిలు పలచబడుతుంది. ఒకరోజు మీటరులో లైటు వెలిగి బండి పికప్ చచ్చిపోతుంది. కంపెనీవాళ్ళు వాడకం తప్పంటారు, ఆయన బండి తప్పంటాడు, ఒక నక్షత్రం పడుతుంది. ఆ బండి ఆయనకు అమ్మి ఉండకూడదు, అంతే. కొనేముందు ఎవరైనా "రోజుకు ఎంత దూరం నడుపుతారు?" అని అడిగి ఉంటే ఆ కుటుంబానికి అంత ఖర్చు తప్పేది. ఇట్లాంటివి చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధనిపిస్తుంది.

నీ సంగతి చూడు. వారంలో ఐదు రోజులు నగరంలో సుచిత్ర, కొంపల్లి ట్రాఫిక్‌లో మొదటి గేరు, రెండో గేరు. నెలకోసారి ఇటు రాక. నీకు డీజిల్ వద్దు, ఎన్ని నక్షత్రాలున్నా వద్దు. రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కుతుంది. అదే తీసుకోవాలని ఉంటే, నీలాగే నగరంలో నడిపి యాభై వేల కిలోమీటర్లు దాటినవాళ్ళను వెతికి అడుగు. వాళ్ళు రాసిన రివ్యూలో నక్షత్రాలు చూడకు. బండి ఏ ఏడాదిది, ఏ ఇంజను, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ రోడ్డు మీద అన్నవి ఉన్నాయా చూడు. అవి లేని రివ్యూ పొగిడినా తిట్టినా వదిలేయ్.

నా మాటకూ ఒక హద్దుంది, అదీ చెప్పాలి. షెడ్డులో కూర్చున్న మెకానిక్ ఆస్పత్రి డాక్టరులాంటివాడు, ఊరంతా జబ్బుమనుషులే ఉన్నారనిపిస్తుంది. దేశంలో అమ్ముడయ్యే ప్రతి పది కార్లలో సుమారు నాలుగు మారుతివే. కాబట్టి నా దగ్గరికి వచ్చేవాటిలోనూ అవే ఎక్కువ. అంతమాత్రాన అవే ఎక్కువ చెడిపోతాయని ఏ మెకానిక్ అన్నా నమ్మకు. మనిషి కళ్ళతో చూసింది చెప్తాడు, చూడనిది లెక్కలోకి తీసుకోడు.

మీ నాయన మాటను చాదస్తమని కొట్టిపారేయకు. 1983లో వచ్చిన మారుతి 800 కాలం నుంచి ఆయన చూసింది ఏమిటంటే, ఏ మండలంలో ఆగినా ఆ బండికి మెకానిక్ ఉన్నాడు, సామాను దొరికింది. అది బ్రాండు మీద మూఢనమ్మకం కాదు, అనుభవం. కాకపోతే అది నిన్నటి బండి అనుభవం. అదే కంపెనీ 2021 సెప్టెంబరులో మోటారు జనరేటరు లోపం అనుమానంతో ఇంచుమించు 1.81 లక్షల పెట్రోలు బండ్లను వెనక్కి పిలిచింది. ఇది తెలిసి ఆయన బాధపడనక్కరలేదు. వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం మంచి లక్షణమే. 2021 ఏప్రిల్ నుంచి మన చట్టంలోనూ రీకాల్‌కు నియమాలున్నాయి. దాచిపెట్టే కంపెనీకే భయపడాలి. మన ఊళ్ళలో సీట్లకు మించి జనాన్ని మోసిన టవేరా గుర్తుందా? 2013లో 1.14 లక్షల టవేరాలను వెనక్కి పిలిచినప్పుడు, తనిఖీకి పంపే ఇంజన్ల దగ్గర కంపెనీ ఉద్యోగులే మోసం చేశారని తేలింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ బాగోతం ప్రపంచానికి తెలియడానికి రెండేళ్ళ ముందు సంగతిది.

ఆ టవేరా కంపెనీ, జనరల్ మోటార్స్, 2017 చివరికి మన దేశంలో అమ్మకాలే ఆపేసింది. 2021లో ఫోర్డ్ తయారీ మానేస్తామంది, 2022లో డాట్సన్ పోయింది. ఫోర్డ్ బండ్లు నడిపినవాళ్ళు ఇప్పటికీ వాటిని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కాని ఏ రేటింగూ "ఈ కంపెనీ పదేళ్ళు ఉంటుందా" అన్నది చెప్పలేదు. మన ఉమ్మడి మెదక్‌లోనే, జహీరాబాద్‌లో, 1980లలో ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు తయారయ్యేవి. ఇప్పుడు అక్కడ మహీంద్రా పేరుంది, ఆల్విన్ పేరు బండ్ల మీద లేదు.

అందుకని నువ్వు ఎంచుకున్న రెండు బండ్లకూ ముందు బంపర్, హెడ్‌లైట్, క్లచ్ సెట్ ధరలు సర్వీసు సెంటరులో అడిగి కాగితం మీద రాయించుకో. షోరూములో కాదు, వెనక సర్వీసు కౌంటరులో. సామాను ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా అడుగు. అక్కడ బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడు. నాలుగు రేటింగులు చదివినా రాని సంగతులు అక్కడ వస్తాయి. రేపు ఏదైనా తయారీలోపం వచ్చి కంపెనీవాళ్ళు పట్టించుకోకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల దాకా అక్కడే వింటారు. సర్వీసు చేయించినప్పుడు ఇచ్చే జాబ్ కార్డులు మాత్రం ఒక్కటి కూడా పారేయకు.

ఆదివారం వీలైతే టెస్ట్ డ్రైవ్ బండిని మేడ్చల్ దాకా తీసుకుపో, ట్రాఫిక్‌లో ఒకసారి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి. వెనక సీట్లో మీ నాయనను కూర్చోబెట్టు, మోకాళ్ళు నొప్పి పుట్టకుండా ఎక్కి దిగగలడో లేదో ఆయనే చెప్తాడు. డబ్బు మొత్తం కట్టేముందు ఛాసిస్ నంబరు నాకు పంపు, ఏ నెలలో తయారైందో చూసి చెప్తాను.

అల్లుడికి దీవెనలు. చంటిదాన్ని ముద్దాడానని చెప్పు.

ఇట్లు,
మీ మామ