“కహా సునా మాఫ్” అంటే సరిపోతుందా?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక!

ఈ చలికాలంలో సిరిసిల్లలో మాకు తెలిసిన ఒక ఇంటికి వెళ్ళాము. ఇంటాయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన భార్య ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి సంసారానికి ఆసరాగా నిలిచిన ఇల్లాలు. అల్లాహ్ దయవల్ల ఇద్దరి పేర్లూ హజ్‌కు ఎంపికయ్యాయి. తెల్లవారక ముందే ఆమె కట్టెల పొయ్యి మీద వుజూకు నీళ్ళు కాచి భర్తను లేపుతారు. ఫజ్ర్ తర్వాత ఇద్దరూ మంకీ టోపీ, శాలువా కప్పుకొని కొంతదూరం నడిచి వస్తారు. ఎండ పొడ వచ్చాక వాకిట్లో కూర్చుని తల్బియా, దుఆలు వల్లె వేసుకుంటారు. వీధిలో సాంచాల చప్పుడు మొదలయ్యేసరికి వారి పాఠం పూర్తవుతుంది.

మేము వెళ్ళిన రోజు పెద్దాయన ఒక నోటు పుస్తకం చూపించారు. ఎవరికి ఎంత ఇవ్వాలో అందులో రాసుకున్నారు. కిరాణా కొట్టు బాకీ ఉంది. బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు ఉంది. ఆయన తండ్రి ఆసామిగా సాంచాలు నడిపిన రోజుల్లో ఒక పద్మశాలి కార్మికునికి మిగిలిపోయిన కూలి కూడా ఉంది. ఇల్లాలు చాయ్ తెచ్చి పెడుతూ ఆ పుస్తకంలోకి తొంగిచూసి, నవ్వుతూనే ఒక మాట అన్నారు: “అందరి పేర్లూ ఉన్నాయి, నా పేరే లేదు.”

పెద్దాయనకు వెంటనే అర్థం కాలేదు. మాకు అర్థమయింది. ఆమె అడిగింది మహర్ సంగతి!

ప్రయాణ సామగ్రి ఏది?

హజ్ గురించి చెబుతూ అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (2:197) ప్రయాణ సామగ్రి వెంట తీసుకోమని ఆదేశించాడు. ఆ వెంటనే అన్ని సామగ్రులలోకీ శ్రేష్ఠమైనది తఖ్వా (దైవభీతి) అని తెలిపాడు. మనం ఇహ్రామ్ బట్టలు, చెప్పులు, మందులు, పచ్చళ్ళు సర్దుకోవడంలో ఎన్నో రోజులు గడుపుతాము. తఖ్వాను ఏ సూట్‌కేసులో సర్దుతున్నామో ఆలోచించము.

ప్రవక్త (స) జీవితంలోని ఒక ప్రయాణాన్ని గుర్తు చేసుకుందాం. మక్కా అవిశ్వాసులు ఆయన్ను చంపడానికి ఇల్లు చుట్టుముట్టిన రాత్రి అది. అయినా ఆ ప్రజలే ఆయన వద్ద దాచుకున్న అమానతులను ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళారు. ప్రాణాపాయంలో కూడా, శత్రువుల సొమ్ము విషయంలో కూడా, ప్రయాణానికి ముందు చేసిన ఏర్పాటు ఇది. కనుక హక్కుదారుడు ముస్లిమా, ముస్లిమేతరుడా అన్న తేడా ఇక్కడ లేదు. ఆ కార్మికుడు చనిపోయి ఉంటే కూలి అతని వారసులకు చేరాలి. వారి ఆచూకీ ఎంత వెతికినా దొరకకపోతే హక్కుదారుని తరఫున పేదలకు దానమివ్వాలి. తర్వాత వారు కనిపించి అడిగితే చెల్లించాలనే సంకల్పం ఉంచుకోవాలి.

మాటతో మాఫీ అయ్యేవి, కానివి

హజ్‌కు వెళ్ళేవారు ఇంటింటికీ తిరిగి “కహా సునా మాఫ్ కరో” అనడం మన ప్రాంతంలో ఆనవాయితీ. అన్నవీ విన్నవీ మనసులో పెట్టుకోవద్దని దీని భావం. ఇది మంచి అలవాటే. కాని పూలదండలు వేసుకొని పదిమంది మధ్యలో అడిగితే ‘లేదు, నేను క్షమించను’ అని ఎవరనగలరు? మొహమాటంతో ఊపిన తల నిజమైన క్షమాపణ కాదు. పైగా బాకీ ఉన్న డబ్బు ఈ మాటతో తీరదు.

షహీద్‌కు సైతం అన్నీ మన్నించబడతాయిగాని అప్పు మన్నించబడదని ప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). ఎవరికైనా అన్యాయం చేసినవారు, దీనారుగాని దిర్హముగాని పనికిరాని రోజు రాకముందే, నేడే దాన్ని సరిచేసుకోవాలని కూడా బోధించారు (బుఖారీ). ఆ రోజు బాకీ నోట్లతో తీరదు, మన నమాజులు, రోజాలు, హజ్ పుణ్యంతో తీరుతుంది. లక్షలు ఖర్చుపెట్టి సంపాదించుకున్న హజ్ పుణ్యాన్ని కిరాణా బాకీ కింద జమ చేయించుకుంటామా?

మహర్ - మరచిపోయిన అప్పు

మన నికాహ్‌లలో మహర్‌ను ఎక్కువగా ఉధార్ రాయిస్తారు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తరు. ఎన్నో ఇళ్ళలో భర్త జనాజా లేచే ముందు భార్యను పిలిచి, మాఫ్ చేశానని అనిపిస్తారు. ఏడుస్తున్న ఆ స్త్రీ నోట వచ్చే మాట ఇష్టపూర్వకమైనదా? దివ్య ఖుర్ఆన్ (4:4) స్త్రీలకు వారి మహర్‌ను సంతోషంగా ఇవ్వమని ఆజ్ఞాపించింది. ఆ తర్వాత వారు మనస్ఫూర్తిగా కొంత వదులుకుంటే దాన్ని అనుభవించవచ్చని చెప్పింది. ఈ క్రమాన్ని గమనించండి. ముందు ఇవ్వడం, వదులుకోవడం ఆమె ఇష్టం.

ఆ రోజు బీరువాలోంచి నికాహ్‌నామా తీయించాము. పదకొండు వేల రూపాయలు, రెండు సుర్ఖ్ దీనార్లు అని ఉంది. రూపాయలు రాసినచోట అన్ని రూపాయలే బాకీ. ఇన్నేళ్ళలో వాటి విలువ తగ్గిందని భర్త తన ఇష్టంతో ఎక్కువ ఇస్తే అది ఇహ్‌సాన్ (మేలు). బాకీని ఉత్తమంగా తీర్చేవారే ఉత్తములని ప్రవక్త (స) తెలిపారు. సుర్ఖ్ దీనార్ బంగారు నాణెం. కనుక నికాహ్ నాడు ఎంత బరువు అనుకున్నారో ఖాజీ గారిని అడిగి తెలుసుకోవాలి. ఆ బంగారమైనా, చెల్లించే నాటి ధరైనా ఇవ్వాలి.

చలికాలం ఇచ్చే అవకాశం

అల్లాహ్ హక్కుల బాకీ కూడా తీర్చాలి కదా! డిసెంబరు, జనవరి పగళ్ళు చిన్నవి. మే నెలతో పోలిస్తే రోజా సమయం సుమారు రెండు గంటలు తగ్గుతుంది, దాహమూ తక్కువే. కాన్పుల్లోనూ నెలసరిలోనూ తప్పిపోయిన ఖజా రోజాలను ఆ ఇల్లాలు ఇప్పుడు వారానికి రెండు చొప్పున పూర్తి చేస్తున్నారు. షుగరు, బీపీ ఉన్నవారు డాక్టరును అడిగిన తర్వాతే ఉండాలి.

శరీరం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. 2006లో జనవరిలో ఒకటి, డిసెంబరు చివర ఒకటి, రెండు హజ్‌లు వచ్చాయి. అప్పుడు వెళ్ళినవారు స్వెటర్లు తీసుకెళ్ళారు. చాంద్రమాన సంవత్సరం పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి హజ్ ఇప్పుడు ఎండాకాలానికి జరిగింది. 2024 జూన్‌లో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటి 1,300 మందికి పైగా యాత్రికులు మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రం లేకుండా వెళ్ళి, గుడారాల నీడ కూడా దొరకనివారు. కనుక అడ్డదారి ప్రయాణం వద్దు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిస్తేనే సుమారు మూడు కిలోమీటర్లు అవుతుంది. అందుకే ఈ చలిలో రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడవండి.

గల్ఫ్‌లో కొడుకులున్న తల్లిదండ్రులకు మరొక మాట. వీసా అప్పు తీరని కొడుకును హజ్ డబ్బు కోసం ఒత్తిడి చేయకండి. స్తోమత ఉన్నవారిపైనే అల్లాహ్ హజ్ విధించాడు (3:97). వెళ్ళే ముందు అప్పులు, అమానతుల వివరాలతో వసియత్ రాసి ఇద్దరు సాక్షులకు చూపించండి.

వారం తర్వాత మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. పెద్దాయన బ్యాంకు నుండి డబ్బు తెచ్చి మహర్ పూర్తిగా భార్య చేతిలో పెట్టారట. ఆమె ఒక్క రూపాయి వదులుకోలేదు. ఆ డబ్బుతో ఏం చేస్తారని మేము అడగలేదు, అది ఆమె హక్కు. నోటు పుస్తకంలో చివర ఆమె పేరు రాసి, దాని మీద గీత కొట్టి ఉంది.

అల్లాహ్ మనందరికీ హక్కులు తీర్చి తన గృహానికి చేరే భాగ్యాన్ని ప్రసాదించుగాక! వెళ్ళినవారి హజ్‌ను స్వీకరించుగాక! ఆమీన్.