బాదే కుర్రవాణ్ణి అంచనా కట్టడం ఎట్లా? – బేస్‌బాల్ స్కౌట్ల పద్ధతి

స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయినవాడు ఆటల మీద వ్యాసం రాయడమేమిటని పాత శిష్యులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఇది ఆటకు సంబంధించినది ఎంతో, మార్కులు వేయడానికి సంబంధించినదీ అంతే.

2023 వేసవిలో టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు వున్నాను. డల్లాస్‌కు ఉత్తరాన వున్న ఈ వూళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళు చాలా వున్నాయి. సాయంత్రం వాకింగుకు వెళితే అమెరికా వచ్చామన్న సంగతే మరచిపోతాం. ఆ వూరికి రఫ్‌రైడర్స్ అనే బేస్‌బాల్ జట్టు వుంది. ఒకనాడు మా అల్లుడు "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు మామయ్యగారూ, రండి" అని ఆటకు తీసుకెళ్ళాడు. మైదానం కంచె వెనక ఈతకొలనులో కొందరు తేలుతూ ఆట చూస్తున్నారు. అది వింతే గాని, నా చూపు నిలిచింది మాత్రం బ్యాటరుకు సరిగ్గా వెనక వరసలో కూర్చున్న ఇద్దరి మీద. చప్పట్లు కొట్టరు, కేకలు వేయరు. ఒకాయన చేతిలో స్టాప్‌వాచీ, ఇంకొకాయన చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ గన్ను, ఇద్దరి ఒళ్ళోనూ నోటు పుస్తకాలు. "వాళ్ళు స్కౌట్లండీ, కుర్రాళ్ళకి మార్కులేస్తారు" అన్నాడు అల్లుడు. మార్కులనేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. బంతి వేసేవాడు పిచ్చరు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేల తగలకుండా విసురుతాడు. గంటకు 95 మైళ్ళ వేగంతో వేసిన బంతి బ్యాటరును చేరడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. బంతి మోకాళ్ళకూ ఛాతీకీ మధ్య, ప్లేటు మీదుగా వస్తే కొట్టాలి. వదిలేసినా, ఊపి తప్పినా స్ట్రయికు. మూడు స్ట్రయికులకు అవుట్. బయటగా వచ్చిన బంతుల్ని నాలుగు వదిలితే మొదటి బేసుకు ఊరికే నడిచి వెళ్ళవచ్చు, దాన్ని వాక్ అంటారు. కంచె దాటిస్తే హోమ్ రన్, మన సిక్సరు వంటిదే. టెస్టు మ్యాచీలో మాదిరి కుదురుకునే వ్యవధి వుండదు. మ్యాచీకి నాలుగైదు అవకాశాలు వస్తాయి, అంతే.

పెద్ద లీగులో క్లబ్బులు 30. ఒక్కొక్క దాని కింద నాలుగేసి చిన్న జట్లు, అంటే 2021 పునర్వ్యవస్థీకరణ తరువాత మొత్తం 120. వీటినే మైనర్ లీగులంటారు. ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మెట్లు. మన చదువులతో పోలిస్తే ఇంటరు, డిగ్రీ, పి.జి. లాగా అనుకోండి. ఫ్రిస్కో జట్టు టెక్సస్ రేంజర్స్ వారి డబుల్ ఎ. పిల్లలు హైస్కూలు నుంచీ కాలేజీల నుంచీ వచ్చి, పైమెట్టు ఎక్కుతూనో, మధ్యలో ఇంటికి పోతూనో వుంటారు. ఎవరు ఎక్కుతారో ముందుగా పసిగట్టడమే స్కౌటు వృత్తి.

ఇక మార్కుల సంగతి. 20 నుంచి 80 దాకా వుండే స్కేలు వాళ్ళది. 1945లో జాకీ రాబిన్సన్‌ను డాడ్జర్స్ సంస్థలో చేర్చుకున్న బ్రాంచ్ రికీ దీనికి మూలపురుషుడని చెబుతారు. పెద్ద లీగులో సగటు ఆటగాడికి 50. దానికి పైనా కిందా ప్రతి 10 మార్కులూ ఒక్కొక్క ప్రామాణిక విచలనం. మన స్టాటిస్టిక్స్ విద్యార్థులకు వెంటనే తట్టాలి, 80 అంటే సగటుకు మూడు విచలనాల పైన. నార్మల్ వక్రరేఖ ప్రకారం వెయ్యిమందిలో ఒకడు! కొట్టే నేర్పు, బలం, పరుగు, ఫీల్డింగు, విసురు అని అయిదు సబ్జెక్టులు. నన్ను అన్నిటికన్నా ఆకర్షించిన సంగతేమిటంటే, ప్రతి సబ్జెక్టుకూ రెండు గడులుంటాయి. ఒకటి ఈనాటిది, రెండోది రేపటిది. అంటే కుర్రవాడు ఇప్పుడెంతో కాదు, ఎంత కాగలడో కూడా అంకె వేయాలి. మనం జీవితమంతా మొదటి గడి మాత్రమే నింపాం.

బలాన్ని చూడడం తేలిక. స్కౌటు ఆటకు చాలా ముందుగా వచ్చి ప్రాక్టీసు చూస్తాడు. కోచి మెత్తగా వేసే బంతుల్ని కుర్రవాడు ఎంత దూరం కొడుతున్నాడు, కర్ర బ్యాటు మీద చప్పుడెట్లా వస్తోంది అని. (అక్కడి స్కూళ్ళలోనూ కాలేజీల్లోనూ లోహపు బ్యాట్లు వాడతారు. వృత్తి ఆటకు వచ్చాకే కర్ర తప్పనిసరి. చాలామంది బండారం అక్కడే బయటపడుతుంది.) ఇది ముడి బలం. మ్యాచీలో ఎంత బయటికి వస్తుందనేది వేరే మార్కు. 2015 నుంచి పెద్ద లీగు మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ యంత్రాలు వచ్చి, బ్యాటు నుంచి బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో లేచిందో చెప్పేస్తున్నాయి. 95 మైళ్ళు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. అందుచేత బలం విషయంలో ఇప్పుడు వాదప్రతివాదాలు తక్కువ.

హోమ్ రన్‌ల సంఖ్యను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు. 1954లో న్యూ మెక్సికోలోని రాస్వెల్ జట్టుకు ఆడిన జో బామన్ ఒక్క సీజనులో 72 హోమ్ రన్‌లు కొట్టాడు. పెద్ద లీగులో ఆ అంకెను దాటింది 2001లో బారీ బాండ్స్ ఒక్కడే, 73. కానీ బామన్ పెద్ద లీగులో ఒక్క మ్యాచీ కూడా ఆడలేదు. కారణాలు వెతికితే కనబడతాయి. అప్పటికి ఆయన వయసు 32. లీగు కింది మెట్టుది. రాస్వెల్ వేల అడుగుల ఎత్తున వున్న వూరు, గాలి పలచన, బంతి దూరం పోతుంది. కనుక స్కౌటు మొదట అడిగేది ఎన్ని కొట్టాడని కాదు, ఏ వయసులో, ఏ మైదానంలో, ఎవరి బంతుల మీద అని.

ఇప్పుడు ఫ్రిస్కో మైదానంలోనే ఆడిన ఒకడి కథ చెబుతాను. లాస్ వేగాస్ కుర్రవాడు జోయీ గాలో. 2012లో హైస్కూలు నుంచే రేంజర్స్ వారు 39వ ఎంపికగా తీసుకున్నారు. ముడి బలానికి స్కౌట్లు వేసిన మార్కు 80. 2013లో, పందొమ్మిదేళ్ళ వయసులో, నార్త్ కరోలినాలోని హికరీ జట్టుకు 106 మ్యాచీల్లో 38 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ సీజను మొత్తం మీద 40. మైనర్ లీగుల్లో అత్యధికంగా కొట్టినవాడికి ఆ జో బామన్ పేరుతోనే ఇచ్చే బహుమతి ఆ ఏడు ఇతనికి వచ్చింది. అయితే ఆ 106 మ్యాచీల్లోనే 165 సార్లు స్ట్రయికవుట్ అయ్యాడు. వంద అవకాశాలకు 37 అన్నమాట.

మన సెలెక్టర్లయితే రెండు పక్షాలుగా చీలిపోయేవారు. స్కౌట్లు అడిగే ప్రశ్న వేరు. తప్పడం సరే, ఎక్కడ తప్పుతున్నాడు? బయటికి పోయే బంతికి ఆశపడి ఊపుతున్నాడా? అది నిగ్రహలోపం, వయసుతో తగ్గవచ్చు. వంపు తిరిగే బంతిని ఆలస్యంగా పోల్చుకుంటున్నాడా? అదీ చూసి చూసి కొంత అలవడుతుంది. అట్లా కాక, కొట్టవలసిన చోటికే వచ్చిన బంతిని కూడా తప్పుతున్నాడా? అప్పుడు లోపం బ్యాటు తిరిగే దారిలో వున్నట్టు. ఆ పొడుగాటి ఊపే బలానికి మూలం. దాన్ని కుదిస్తే బలం పోతుంది, వదిలేస్తే తప్పడం పోదు. స్కౌటుకు నిద్ర పట్టనిది ఇక్కడే.

2014లో గాలో మర్టిల్ బీచ్‌లో 58 మ్యాచీలు ఆడి 21 హోమ్ రన్‌లు కొట్టి, 51 వాకులు తీసుకున్నాడు. స్ట్రయికవుట్లు 64, వందకు 26కి దిగాయి. బాగుపడ్డాడని అందరూ సంతోషించారు. అక్కడినుంచి ఫ్రిస్కోకు పంపారు. డబుల్ ఎ మెట్టు మీద పిచ్చర్లు వేగం ఒక్కటే నమ్ముకోరు, వంపు బంతిని కూడా అనుకున్న చోట వేయగలరు. 68 మ్యాచీల్లో మళ్ళీ 21 హోమ్ రన్‌లే, కానీ స్ట్రయికవుట్లు 115. వందకు దాదాపు 40. బలం మెట్టు మారినా మారలేదు, తప్పడం మాత్రం మారింది. వ్యాసం మొత్తంలో విద్యార్థి మిత్రులు ఒక్క అంకె గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి.

తరువాతి కథ క్లుప్తంగా. 2015 జూన్ 2న పెద్ద లీగులో మొదటి మ్యాచీలోనే హోమ్ రన్ కొట్టాడు. 2017లో 41, 2018లో 40. 2019లో అతని నూరవ హోమ్ రన్ వచ్చేనాటికి ఒక్క బేసు హిట్లు ఇంకా నూరు కాలేదు. అటువంటిది అంతకు ముందెన్నడూ జరగలేదు. రెండుసార్లు ఆల్‌స్టార్, రెండుసార్లు ఫీల్డింగుకు గోల్డ్ గ్లవ్. 2021లో 213 స్ట్రయికవుట్లు. 2024తో పెద్ద లీగు లెక్క 208 హోమ్ రన్‌ల దగ్గర, 0.194 సగటు దగ్గర ఆగింది. 2025లో బ్యాటు పక్కనబెట్టి పిచ్చరుగా ప్రయత్నిస్తానన్నాడు. హైస్కూల్లో గట్టి వేగంతో వేసేవాడు మరి. పందొమ్మిదేళ్ళప్పటి రిపోర్టులో బలం 80 అన్న మాటా నిజమైంది, కొట్టే నేర్పు అనుమానమన్న మాటా నిజమైంది. దీన్ని పాసందామా, ఫెయిలందామా?

పాసే అంటాను నేను. కాని దీనితోనే సూత్రం కట్టేయకండి. న్యూయార్క్ యాంకీస్‌కు చెందిన ఏరన్ జడ్జ్ 6 అడుగుల 7 అంగుళాల మనిషి. 2016లో పెద్ద లీగుకు వచ్చి 84 అధికారిక అవకాశాల్లో 42 స్ట్రయికవుట్లు అయ్యాడు. సరిగ్గా సగం. సగటు 0.179. అక్కడితో పుస్తకం మూసేసినవాడు ఎట్లాంటి తప్పు చేసేవాడో చూడండి. మరుసటి ఏడే 52 హోమ్ రన్‌లు, సగటు 0.284, 2022లో 62. స్ట్రయికవుట్ల శాతం త్వరగా నిలకడకు వస్తుందని, బ్యాటింగ్ సగటు నిలకడకు రావడానికి చాలా కాలం పడుతుందని గణాంకవేత్తలు చెబుతారు. అయినా 84 అంటే చిన్న నమూనాయే.

చిన్న నమూనా అంటే నాకొకటి గుర్తుకొస్తుంది, ఒప్పుకోక తప్పదు. ఒకప్పుడు ఒక కాలేజీలో క్రికెట్ సెలెక్షను కమిటీలో నన్నూ వేశారు. పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నెట్స్‌లో బంతిని వేపచెట్ల అవతలికి కొట్టేవాడు. అంతర కళాశాలల పోటీల్లో రెండు మ్యాచీలు ఆడించాం. నాలుగు, సున్నా. రెండుసార్లూ స్పిన్నుకే. తీసేయమని గట్టిగా వాదించింది నేనే. అతను ఆడినవి మొత్తం పదకొండు బంతులు. ఆ మధ్యాహ్నమే క్లాసులో నమూనా పరిమాణం గురించి గంటసేపు చెప్పి వచ్చినవాణ్ణి! ఆ అబ్బాయి తరువాత నెట్స్‌కు రాలేదు, ఎందుకు రాలేదని నేను అడగనూ లేదు.

ఈ మార్కుల మీద అక్కడ బతుకులే ఆధారపడి వుంటాయి. 2021 నుంచి డ్రాఫ్టులో 20 రౌండ్లు, అంటే ఏటా ఆరువందలమంది పైచిలుకు వస్తారు. వారికోసం చోటు ఖాళీ చేసేవారూ ఇంచుమించు అంతమంది. 2022లో కూడా డబుల్ ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ యేడు యూనియనులో చేరి, 2023లో కుదిరిన ఒప్పందంతో 30,250 చేయించుకున్నారు. అమెరికా ఖర్చుల్లో అది గొప్ప జీతమేం కాదు. మొదటి రౌండ్ల వాళ్ళకు చేరేటప్పుడే లక్షల డాలర్లు ముడతాయి గనక గడిచిపోతుంది. తక్కినవాళ్ళకు స్కౌటు రెండో గడిలో వేసే అంకె ఇంకో సంవత్సరం ఆడనిస్తుంది, లేదా సామాను సర్దుకోమంటుంది.

ఆనాటి ఆటలో ఎడమచేతి కుర్రవాడొకడు భారీగా వున్నాడు. మొదటి రెండుసార్లూ గాలిలో ఊపి స్ట్రయికవుట్ అయ్యాడు. వెనకనుంచి ఎవరో ఏదో అరిచారు. మూడోసారి అవే బయటి బంతుల్ని నాలుగు వదిలి వాక్ తీసుకున్నాడు. జనానికి పట్టలేదు గాని, స్టాప్‌వాచీ ఆయన వంగి చాలాసేపు రాశాడు. నాలుగోసారి బంతి కంచె దగ్గర క్యాచ్ అయింది. అల్లుడు నా వైపు తిరిగి "మీరైతే ఎన్ని వేస్తారు మామయ్యగారూ?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా ఆ స్కౌటే పుస్తకం సంచిలో పెట్టుకుని మా పక్కనుంచి మెట్లెక్కుతున్నాడు. అల్లుడు ఉండబట్టలేక ఆయన్నే అడిగాడు. ఆయన నవ్వి, ఈ వారమంతా ఇక్కడే వుంటానని, అయిదు రోజులు చూడకుండా ఆ కుర్రవాడి గురించి ఒక్క అంకె కూడా వేయనని చెప్పి వెళ్ళిపోయాడు.