రెండోసారి అడిగే నాయకుడు
(కంటి ఆసుపత్రులు, క్లినిక్కులు నడిపేవారికి అధ్యయన పాఠం)

చదువవలసిన భాగం: మార్కు సువార్త 8:22-26



బేత్సయిదాలో ఒక గుడ్డివాణ్ణి ప్రభువు దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన అతని చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించుకు వెళ్ళి, కళ్ళను తాకి, చూపు ఎలా ఉందని తానే అడిగారు. మనుషులు కదిలే చెట్లలా ఉన్నారని అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు మళ్ళీ చేతులుంచారు. అప్పుడు అన్నీ తేటగా కనిపించాయి.

ఈ భాగం మీద విశ్వాసం గురించి చాలా ప్రసంగాలు విన్నాం. ఈ నెల కంటి వైద్యం నడిపే యజమాని స్థానంలో ఉండి చదువుదాం. ప్రభువు అడగకుండా పంపించి ఉంటే? ఆ మనిషి సగం చూపుతో ఇల్లు చేరేవాడు. ఊరంతా అతనికి నయమైందనే అనుకునేది. కాలాన్ని బట్టి, మనుషులను బట్టి మారగలిగే నాయకత్వం ఈ ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది: మనం చికిత్స చేసిన మనిషికి ఈరోజు నిజంగా కనిపిస్తోందా?

1. సోంపేట నుంచి ఒక పాఠం

శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి వైద్యం చేసేవారు. ఆయన సేవ గురించి విని, 1963లో కెనడాలోని కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థను ప్రారంభించారు. దశాబ్దాల పాటు ఆ సంస్థ పేదల శుక్లాల ఆపరేషన్లకు సాయం చేసింది. ఎన్ని ఆపరేషన్లు జరిగితే అంత మేలు అని దాతలు, డాక్టర్లు అందరూ నమ్మిన కాలం అది.

తరువాత 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి ఎంపిక చేసి, 10,293 మందిని పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరు అంధత్వంతో ఉన్నారు. ఆ అంధత్వంలో 60 శాతానికి కారణం శుక్లం, కళ్ళద్దాలతో సరిచేయగల దృష్టి దోషం. ఇంకో సంగతి మరింత బాధ కలిగించింది. అప్పటికే శుక్లం ఆపరేషన్ అయినవారిలో చాలామందికి చూపు సరిగా లేదు. ఆసుపత్రి రిజిస్టరులో వారంతా నయమైనవారే!

అలా ఎందుకు జరిగింది? ఆ రోజుల్లో చాలామందికి శుక్లం తీసి, కంటిలో లెన్సు పెట్టకుండానే పంపేవారు. మన అమ్మమ్మల సోడాబుడ్డి కళ్ళద్దాలు గుర్తున్నాయి కదా? ఆ అద్దాలు పగిలినా, పోయినా మళ్ళీ చీకటే. ఆపరేషన్‌లో వచ్చిన ఇబ్బందులు కొన్ని. తరువాత ఎవరూ పరీక్షించి అద్దాలు ఇవ్వకపోవడం ఇంకో కారణం.

ఇలాంటి ఫలితం చూసి సమర్థించుకోవడం తేలిక. ఆపరేషన్ ఐసైట్ వారు ఆ పని చేయలేదు. ఆపరేషన్ల సంఖ్య నుంచి నాణ్యత వైపుకు, ఒక్క శుక్లం నుంచి అన్ని కంటి జబ్బుల వైపుకు, ఆసుపత్రి గుమ్మం నుంచి వీధుల్లోకి తమ విధానాన్నే మార్చుకున్నారు. మంచి పేరున్న పద్ధతిని మార్చుకోవడానికి ధైర్యం కావాలి, వినయం కూడా కావాలి.

2. డాక్టరు ఒక్కరే చూడలేరు

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని 1987లో స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు మన కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టినవారే. అమెరికాలో పెద్ద వైద్యుడిగా ఉండి తిరిగి వచ్చారు. పెద్ద ఆసుపత్రి కట్టినంత మాత్రాన పల్లెటూరి ముసలమ్మ బస్సెక్కి రాదని గ్రహించి, సేవను మెట్లు మెట్లుగా అమర్చారు. సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటరు. అందులో ఆ ప్రాంతపు యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, చూపు పరీక్షించి కళ్ళద్దాలు ఇచ్చే పని అప్పగించారు. ఆపరేషన్ అవసరమైనవారు మాత్రమే పై మెట్టుకు వెళ్తారు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఆ సంస్థ ప్రాంగణం 2011లో వచ్చింది.

నాలుగు గదుల క్లినిక్కుకు ఇందులో పాఠం ఏమిటి? యజమాని చేయనవసరం లేని పనులు యజమాని చేతిలో ఉంటే, యజమాని మాత్రమే చేయగల పని ఆగిపోతుంది. అద్దాల కొలత, చుక్కల మందు వేసుకునే తీరు నేర్పడం, రోగికి ఫోను చేయడం, ఇవి శిక్షణ పొందిన సహాయకులు చక్కగా చేయగలరు.

3. మన వన్ టౌన్‌లో ఎలా?

వన్ టౌన్ మనుషులను ఒకసారి తలచుకోండి. కొండ మీద ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళు నిటారు మెట్లు దిగి రావాలి. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల మూటలు మోసే ముఠా కూలీకి పొద్దుటి పూటే కూలి. పది గంటలకు రమ్మంటే ఆ రోజు కూలి పోయినట్టే. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ వాహనాల రాకపోకలు మళ్ళిస్తారు. ఆ తొమ్మిది రోజుల్లో చెకప్ తేదీ ఇస్తే రోగి ఎలా వస్తాడు? “వీళ్ళకు శ్రద్ధ లేదండీ” అని మనం అంటాం. తేదీ ఇచ్చింది మనమే!

మారగల యజమాని ముందు కారణం అడిగి, తరువాత వేళలు మారుస్తాడు. వారానికి రెండు సాయంత్రాలు కూలీల కోసం కేటాయిస్తాడు. మెట్లు దిగలేనివారి ఇంటికి సహాయకుణ్ణి పంపుతాడు. చెకప్ తేదీ వేసే ముందు పండుగల క్యాలెండరు చూస్తాడు. షుగరు ఉన్నవారిని కళ్ళు బాగానే ఉన్నాయన్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్షకు పిలుస్తాడు. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా చాలాకాలం నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టూ తెలియదు.

4. మార్చకూడనివి

మారడం అంటే సడలించడం కాదు. పరికరాలను స్టెరిలైజ్ చేసే పద్ధతి, రోగికి అర్థమయ్యేలా చెప్పి అనుమతి తీసుకోవడం, నిజమైన రికార్డు రాయడం, ఈ మూడూ రద్దీ ఎంత ఉన్నా మారకూడదు. ఒక్క రోజు తొందరలో స్టెరిలైజేషన్ తప్పితే ఇన్ఫెక్షన్ వచ్చి ఒకరి కన్నే పోవచ్చు.

5. ఈ నెల చేయవలసిన పని

కిందటి మూడు నెలల్లో శుక్లం ఆపరేషన్ అయిన వారందరి పేర్లు వరుసగా రాయండి. చూపు కొలత ఉన్నవారికి, లేనివారికి విడివిడిగా గుర్తు పెట్టండి. తిరిగి రానివారిని వెతికి పరీక్షించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత కొలత ప్రకారం ఆపరేషన్ తరువాత, తాము వాడుతున్న అద్దాలతో నూటికి 80 మందికైనా 6/18 లేక అంతకంటే మంచి చూపు ఉండాలి. 6/60 కంటే తక్కువ చూపున్నవారు నూటికి ఐదుగురి లోపే ఉండాలి. ఇప్పుడు మంచి చూపుకు గీతను 6/12కు పెంచారు. మీ లెక్క తక్కువగా వస్తే సిబ్బంది ముందు దాచకండి. ఎవరి తప్పు అని కాక, ఏ మెట్టు దగ్గర జారాం అని అడగండి.

చర్చకు ప్రశ్నలు

1. అసంపూర్తి చూపును గురించి ఆ మనిషి నిజం చెప్పగలిగాడు. మన రోగులు, మన నర్సులు మనతో అలా చెప్పగలరా?
2. మన క్లినిక్కులో రోగి సౌకర్యం కోసం ఉన్న నియమాలు ఏవి? మన సౌకర్యం కోసం ఉన్నవి ఏవి?
3. ఈ ఏడాది మనం ఎవరికి ఏ పని నేర్పి అప్పగించగలం?

ప్రార్థన: ప్రభువా, మా చేతుల పని నీ ముందు పెడుతున్నాం. మసకగా చూస్తూ మౌనంగా వెళ్ళిపోయిన వారిని మాకు జ్ఞాపకం చేయుము. రెండోసారి అడిగే ఓపికను, రెండోసారి చేయి చాచే ప్రేమను మాకు దయచేయుము. ఆమెన్.