సూది వేసే ముందు పాల పరీక్ష



నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. నా ఇంటర్ పుస్తకాలు ఒక ఆవు పాల డబ్బుతో కొన్నవి. ఆ ఆవుకు వచ్చిన జబ్బు గురించే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్ళల్లో పాడి ఉంటుంది కనుక పనికొస్తుందని రాస్తున్నాను.

పొదుగువాపు ఎలా వస్తుంది?

పాలు పితికిన తరువాత చనుమొన రంధ్రం వెంటనే మూసుకోదు. దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఆలోగా ఆవు పేడలో, బురదలో పడుకుంటే ఇ.కోలై వంటి బాక్టీరియా లోపలికి పోతాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటివి పితికేవారి చేతుల ద్వారా ఒక ఆవు నుంచి మరొక ఆవుకు అంటుతాయి. పొదుగు వాచి వేడెక్కుతుంది. పాలు విరిగినట్టు వస్తాయి. ఒక్కోసారి పైకి ఏమీ కనిపించదు, పాలు మాత్రం తగ్గుతాయి.

మా ఇంట్లో జరిగింది

మా ఆవు పొదుగు వాచినప్పుడు నాన్న మందుల షాపులో అడిగి సూదిమందు తెచ్చారు. రెండు రోజులకు వాపు తగ్గింది. డబ్బులు లేక మందు ఆపేశాం. నెల తిరక్కుండా వాపు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మందు వేయించాం. మూడోసారి అది పనిచేయలేదు. పొదుగులో ఒక భాగం గట్టిపడి పాలు ఆగిపోయాయి. అమ్మ దిష్టి తగిలిందనుకుంది.

మందు ఎందుకు ఓడిపోతుంది?

పీజీలో మాకు ఒక ప్రాక్టికల్ ఉంది. పళ్ళెంలో బాక్టీరియాను పెంచి, దాని మీద రకరకాల యాంటీబయాటిక్ బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ రోజు పెన్సిలిన్ బిళ్ళ అంచు దాకా బాక్టీరియా పెరిగి ఉంది. కొన్ని స్టెఫైలోకాకస్‌లు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి. మందు వాడినప్పుడల్లా బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ గుణం ఉన్న జన్యువులు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి కూడా అందుతాయి. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. మనుషులకు చివరి ఆసరాగా వాడే కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే పశువులకు వాడరాదని మన దేశం 2019లో నిషేధించింది.

మా ఆవు పొదుగులో ఉన్నది ఏ క్రిమో ఈనాటికీ తెలియదు. పాలు పరీక్ష చేయించలేదు. అదే మా తప్పు. ఇంకో తప్పు కూడా ఉంది. సూది వేసిన రోజుల్లో కూడా పాలు కేంద్రానికి పోశాం. కాచినంత మాత్రాన పాలలోని మందు అంతా పోదు. ఆ పాలు ఏ పసిపిల్లలు తాగారో!

మనం చేయగలిగినవి

1. లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలపాలి. ఒక్కో చన్ను పాలు విడిగా తీసి, అంతే సబ్బునీళ్ళు కలిపి తిప్పాలి. జిగురుగా చిక్కబడితే జబ్బు ఉందని అనుమానించాలి. ఆ పాలు పారబోయాలి.

2. మందు వేయకముందే పాల నమూనాను పశువైద్యశాలకు తీసుకెళ్ళి, ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించమని అడగాలి.

3. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వాడాలి. ఆయన చెప్పేవరకు ఆ పాలు అమ్మరాదు, తాగరాదు.

4. పితికే ముందు చేతులు, పొదుగు కడగాలి. పితికాక మేత వేస్తే ఆవు కాసేపు నిలబడి ఉంటుంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు ఈ నాలుగూ చెప్పండి. నేను చెప్పేసరికి మా ఆవుకు ఆలస్యమైపోయింది. మీ ఇంట్లో అలా కాకూడదు.