జంతువుల మైపూతలు

వేసవి మధ్యాహ్నమున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి చెఱువుగట్టున నిలిచినవారికి ఒక దృశ్యము తఱచుగా కానవచ్చును. మేత ముగించిన బఱ్ఱెలు నీటియంచున నున్న బురదలోనికి దిగి, అటునిటు పొరలి, కొమ్ములతో మన్ను ఎగజిమ్ముకొని, నల్లని మేనెల్ల బూడిదవన్నెకు మాఱిన పిదపగాని లేవవు. ఉదయముననే వానిని తోమి కడిగిన యజమాని విసుగుకొనుటలో వింత లేదు. కాని బఱ్ఱెకు బురద మాలిన్యము కాదు. గొడుగును, విసనకఱ్ఱయు అదియే.

బఱ్ఱె చర్మము నల్లనిది, రోమములు పలుచనివి. ఎండవేడిమిని అది శీఘ్రముగా గ్రహించును. స్వేదగ్రంథులు ఆవునకున్నదానికంటె మిక్కిలి తక్కువగుటచే, ఆ వేడిమిని చెమటరూపమున వెడలింపజాలదు. మేనిపై పోసిన నీరు త్వరలోనే జాఱిపోవును. బురద అట్లుగాదు; అంటుకొని, మెల్లమెల్లగా ఆఱుచు, ఆఱునంతసేపును ఒడలి వేడిమిని హరించుచుండును. ఆఱి గట్టిపడిన పూత జోరీగలను, దోమలను చర్మము దరిజేరనీయదు. పెల్లలై రాలునపుడు కొన్ని పిడుదులను గూడ వెంటగొనిపోవును. చెఱువెండిన యేట పశువును పాకలో కట్టివేసిన రైతు, దానిపై దినమునకు పలుమారులు నీరు చల్లక తప్పదు. లేనిచో అది మేత మానును, పాలు తగ్గిపోవును. పాడియే ఆధారమైన కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు.

పిచ్చుక దుమ్ములో పొరలి ఱెక్కలు దులుపుకొనుటయు ఇట్టిదే. ఈకలపై పేరుకొనిన జిడ్డును ధూళి పీల్చివేయును.

చీమల సంగతి మాత్రము ఇంత తేలిక కాదు. గోరువంక జాతి పక్షులు చీమను ముక్కున కఱచి, ఱెక్కల క్రింద ఈకలకు రుద్దుకొనును. 200కు పైబడిన పక్షిజాతులలో ఈ యలవాటు కనబడినది. అవి ఎన్నుకొను చీమలు తఱచుగా ఆమ్లమును చిమ్మునవి. ఆ ఆమ్లము ఈకలలోని పేలను చంపునని చిరకాలము భావించిరి. వినుటకు ఇంపైన ఊహయే. కాని 2008లో థామస్ ఐస్నర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరుడును ప్రకటించిన ప్రయోగము వేఱొక దారి చూపెను. ఆమ్లపు తిత్తిని తొలగించిన చీమలను వారు నీలి జే పక్షుల ముందుంచిరి. పక్షులు వానిని రుద్దుకొనకయే మ్రింగినవి! ఆహారమందలి ఘాటును తుడిచివేయుటకే ఆ పక్షులు ఈకలను వాడుచున్నవని వారు తలచిరి. అన్ని పక్షులకును ఇదియే కారణమని చెప్పుటకు వీలులేదు. వివాదము నేటికిని ముగియలేదు.

తొలకరికి చేలగట్లపై ప్రాకు రోకలిబండను ముట్టినచో దుర్వాసనగల ద్రవము కారును. వెనిజులా అడవులలోని కాపుచిన్ కోతులు అట్టి పురుగునే పట్టి రోమములకు రుద్దుకొనును. ఆ ద్రవమునందు దోమలను తఱుము పదార్థములు కలవు. తెలంగాణపు దొడ్లలో మొలచు కుప్పింట మొక్కను పెఱికినచో పిల్లి వచ్చి దాని వేరుపై దొర్లుట పలువురెఱుగుదురు. జపానులో పిల్లులు మటటాబి అను తీగ ఆకులకు ముఖము రుద్దుకొనును. అట్లు రుద్దుకొనిన పిల్లులపై దోమలు తక్కువగా వ్రాలినవని 2021లో ఇవాటె విశ్వవిద్యాలయమువారు వెల్లడించిరి. కుక్క కుళ్ళిన కళేబరముపై పొరలుటకు మాత్రము చెప్పబడిన కారణములు పెక్కు. రుజువైనది ఒక్కటియు లేదు.

2022 జూన్ నెలలో సుమత్రా దీవియందు రాకుస్ అను ఒరాంగుటాను చెంపకు గాయమయ్యెను. అది ఒక తీగ ఆకులను నమలి, ఆ పసరును గాయమునకు పలుమారులు పూసి, పిదప నమిలిన పిప్పితో పుండును కప్పెను. ఆ తీగ అచ్చటి ప్రజలు నాటువైద్యమున వాడునదే. అయిదు దినములలో గాయము మూసికొనెను. ఆ పసరును అది గాయమునకు దక్క మేనిపై మఱెచ్చటను పూసికొనలేదు.