బేస్‌మెంట్‌ నేల ఎగుడుదిగుడుగా ఉంటే స్తంభం ఎలా నిలబెట్టాలి?

అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. పైన నడుస్తుంటే హాలు ఊగుతుంది. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే దూలం నడుమ జారి ఉంటుంది. స్క్రూతో పొడవు సర్దుకునే ఇనప స్తంభం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది కదా, తెచ్చి బిగించేద్దాం అనిపిస్తుంది. తొందరపడకండి.

అందరూ నేల వాలు గురించే బెంగపడతారు. నీళ్లు డ్రెయిన్‌లోకి పోవాలని చాలాచోట్ల కావాలనే ఆ వాలు పెడతారు. అసలు చూడాల్సింది కాంక్రీటు మందం. మామూలుగా 4 అంగుళాలు ఉంటుంది. మనుషులు తిరగడానికి అది చాలు. ఇంటి బరువంతా ఒకేచోట దిగితే మాత్రం పగలొచ్చు. అందుకే స్తంభం కింద ఫుటింగ్, అంటే మందపాటి కాంక్రీటు దిమ్మ, కావాలి. దాని కొలతలు స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి, పక్కింటాయన కాదు. పర్మిట్ సంగతి కూడా ఊరి బిల్డింగ్ ఆఫీసులో అప్పుడే కనుక్కోండి.

ముందుగా దూలం మధ్య నుంచి తూకం గుండు వదిలి, అది నేలను తాకినచోట గుర్తు పెట్టండి. ఫుటింగ్ కోసం తవ్వే గుంతకు ఎడంగా, రెండువైపులా తాత్కాలిక జాకీలు దూలానికి ఆనించండి. వాటి కింద మందపాటి చెక్కలు వేస్తే బరువు పరుచుకుంటుంది. ఎగుడుదిగుడు నేల మీద చెక్క కదులుతుంటే పలుచగా మోర్టార్ పరిచి కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాకే బరువు ఎత్తండి.

గుర్తు చుట్టూ కాంక్రీటు కోసేటప్పుడు నీళ్లు చల్లుతూ, మాస్కు కట్టుకుని కోయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కింద డ్రెయిన్ పైపులు ఉండొచ్చు, మెల్లగా తవ్వండి. ఫుటింగ్ పోసి, పైభాగాన్ని రసమట్టంతో సరిచూడండి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు లెక్క. బరువు ఎప్పుడు పెట్టొచ్చో ఇంజినీరునే అడగండి.

స్తంభం పొడవు కొలవడం ఆ తర్వాతే. ఫుటింగ్ నుంచి దూలం దాకా సరిగ్గా అక్కడే కొలవాలి. బేస్‌ప్లేటు కింద సందు మిగిలితే ఇనప రేకులు పెట్టి, కుంచించుకోని గ్రౌట్ నింపండి. చెక్కముక్కలు మాత్రం వద్దు, కాలక్రమేణా నలిగిపోతాయి. స్తంభం నిలువుగా ఉందో లేదో పక్కపక్కనున్న రెండు ముఖాల మీదా చూడాలి. ఒక్కవైపే చూస్తే రెండోవైపు ఒరుగు తెలియదు. తర్వాత పైనా కిందా బోల్టులు బిగించండి.

జారిన దూలాన్ని ఎత్తాల్సి వస్తే అది జాకీల పని, స్తంభం బిగించకముందే. స్తంభం స్క్రూ ఉన్నది ఆనించడానికే. ఒక్కసారికి అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా ఎక్కువ ఎత్తకండి, మళ్లీ ఎత్తడానికి కొన్ని రోజులు ఆగండి. ఈలోగా పైన తలుపులు ఒరుసుకుంటున్నా, గోడలు చిట్లుతున్నా జాకీ ఇక తిప్పకుండా ఇంజినీరుకు ఫోన్ చేయండి.